రెండు తెరలు - ఒక చదువరి

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

గ్రామపు లెక్కలు వ్రాసికొనువాడను. కావ్యములను గురువు లేకయే కూడబలుకుకొని చదివినవాడను. అట్టి నన్ను కంప్యూటరును గూర్చి మాటలాడుమని కార్యనిర్వాహకులు కోరిరి.

మన గ్రంథాలయమున ఒక కంప్యూటరునకు రెండు తెరలు అమర్చబడినవి. ఒకదానిపై పాత నిఘంటువు ఛాయాప్రతిని చూచుచు, రెండవదానిపై మనకు కావలసినది వ్రాసికొనవచ్చును. సౌకర్యము గొప్పదే. కాని ఒక తెరపై చక్కగా కానవచ్చిన అక్షరము రెండవ తెరపై చీమ తలకాయంత యగుచున్నదని వృద్ధ పాఠకులు కొందరు కుర్చీ విడిచి పోవుచున్నారు. దోషము వారి కన్నులది కాదు, కొలతది.

తెర యనునది సన్నని వెలుగు చుక్కల వరుసలు. 24 అంగుళముల తెరపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్కలున్నచో అంగుళమునకు సుమారు 92 వచ్చును. 27 అంగుళముల తెరపై అడ్డముగా 3840, నిలువుగా 2160 ఉన్నచో అంగుళమునకు సుమారు 163 వచ్చును. యంత్రము అక్షరమును చుక్కలతోనే గీయును. 16 చుక్కల ఎత్తుగల అక్షరము మొదటి తెరపై నాలుగు మిల్లీమీటర్లకు మించియుండగా, రెండవదానిపై రెండున్నర మిల్లీమీటర్లకు దిగిపోవును. పెద్ద తెర చిన్న అక్షరమును చూపుటలోని రహస్య మిదియే.

తెలుగునకు ఈ చిక్కు మరింత పెద్దది. ద, ధ, థలకు భేదము ఒక చిన్న గీటు, ఒక చిన్న చుక్క. అవి చెదరినచో 'కథ' కాస్తా 'కద' యగును. లెక్కల పుస్తకమున 3 అంకె 8గా కనబడినచో ఒక పేదవాని బాకీయే మారిపోవును.

దీనికి పలువురు చేయు చికిత్స రిజల్యూషను తగ్గించుట. అది రోగముకంటె చెడ్డ మందు. అక్షరము పెరుగును గాని మసకబారును; ఏలయన, తక్కువ చుక్కలతో గీచిన రూపమును ఎక్కువ చుక్కలపై సాగదీసి పరచవలసి వచ్చును. రిజల్యూషనును 'రికమెండెడ్' అని చూపినచోటనే యుండనిచ్చి, 'స్కేలు'ను మార్చవలెను.

విండోసులో తెరపై ఖాళీ చోట మౌసు కుడి మీట నొక్కి 'డిస్ప్లే సెట్టింగ్స్' తెరచినచో 1, 2 అను అంకెలు గల పెట్టెలు కనబడును. 'ఐడెంటిఫై' నొక్కినచో ఏ అంకె ఏ తెరదో ఆ తెరలపైనే తెలియును. ముందు కావలసిన తెర అంకెను నొక్కి, పిమ్మట స్కేలు మార్చవలెను. ఈ క్రమము తప్పినచో ఒకరి మందు మరియొకరికి పడినట్లగును. 163ను 92చే భాగించిన సుమారు 1.77 వచ్చును. కావున మొదటి తెరకు 100 శాతము, రెండవదానికి 175 శాతము ఉంచినచో అక్షరములు ఇంచుమించు సమముగా నుండును.

ఇందు లాభనష్టములు రెండును కలవు. పటమును పెద్ద కొలతతో గీచినచో అదే కాగితముపై పట్టు పొలములు తగ్గును గదా! అట్లే 3840 చుక్కల తెరపై 200 శాతము ఉంచినచో 1920 చుక్కల తెరపై పట్టునంతయే పట్టును. అయినను ప్రతి అక్షరము నాలుగింతల చుక్కలతో ఏర్పడును గనుక నునుపుగా నుండును.

రెండు జాగ్రత్తలు చెప్పెదను. 'కస్టమ్ స్కేలింగ్' అనుచోట 100 మొదలు 500 వరకు మనకు తోచిన అంకె వేయవచ్చును. కాని అది తెరలన్నిటికిని ఒక్కటే యగును. తెరకొక కొలత కోరువారు దానిని ముట్టరాదు. రెండవది: తెరకొక కొలత నిచ్చు సదుపాయము విండోసు 8.1తో 2013లో వచ్చినది. అంతకు పూర్వపు ప్రోగ్రాములు కొన్ని రెండవ తెరపై మసకగా కనబడును. అట్టిదాని 'ప్రాపర్టీస్'లో 'కంపాటిబిలిటీ' భాగమున 'చేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్' తెరచి, అందలి 'ఓవర్‌రైడ్' గడిని గుర్తించి, 'అప్లికేషన్' గాని 'సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్' గాని యుంచి చూడవలెను. మొదటిదానితో అక్షరము స్పష్టమైనను చిన్నది కావచ్చును. రెండవది కొన్ని ప్రోగ్రాములకే పనిచేయును.

ఒక పుటను మాత్రమే పెంచుటకు బ్రౌజరులో కంట్రోలు మీటను పట్టి ప్లస్ గుర్తు నొక్కిన చాలును. దానికై తెర కొలతను మార్చ నక్కరలేదు.

సోదరులారా! నేను చెప్పిన 175 శాస్త్రవాక్యము కాదు. యువకునికి 150 చాలును. షష్టిపూర్తి దాటినవారికి 200 కావలసి యుండవచ్చును. చదువరి ముందునకు వంగకుండ, కనుబొమలు ముడువకుండ, వత్తును గుర్తింపగలిగిన కొలతయే సరియైన కొలత. ఏ తెరకు ఎంత యుంచితిమో ఒక అట్టముక్కపై వ్రాసి యంత్రము ప్రక్కన అంటించుడు. మార్చుకొనువారు మార్చుకొందురు, తరువాతివారు సరిచేసికొందురు. అందరి చేతికిని అందునట్లు గ్రంథము నుంచుట మన ధర్మమైనచో, అందరి కంటికిని అందునట్లు అక్షరము నుంచుటయు మన ధర్మమే.