‘మంచిగనే ఉంది’ అంటే చాలదు



సూర్యాపేటలో ఒక ఇల్లు అనుకోండి. సర్వే చేసే అమ్మాయి కాగితాలు పట్టుకొని వాకిట్లోకి వచ్చింది. ఇంటాయన అరుగు మీద కూర్చున్నాడు.

“నల్లా నీళ్ళు మంచిగ వస్తున్నయా?” అని అడిగింది.

“మంచిగనే వస్తున్నయి” అన్నాడు ఆయన.

కాగితం మీద ‘తృప్తి’ అనే గడిలో టిక్కు పడింది. అమ్మాయి పక్కింటికి పోయింది.

ఇంటామె లోపల బిందెలు తోముతున్నది. తెల్లవారకముందే లేచి నీళ్ళు పట్టింది ఆమె. నల్లా రాని రోజు దూరం పోయి మోసుకొచ్చేదీ ఆమే. కాని ఆమెను ఎవరూ అడగలేదు.

సరే, ఆమెనే అడిగారనుకోండి. ఏమంటుంది?

“ఏదో వస్తున్నయి లే బిడ్డా! ఎనకట బోరింగు కొట్టి మోసేటోళ్ళం. గిప్పుడు నయమే” అంటుంది.

మళ్ళీ ‘తృప్తి’ గడిలోనే టిక్కు. ఆమె అబద్ధం చెప్పలేదు. కాని నిజం మొత్తం ఆ గడిలోకి రాలేదు. కష్టానికి అలవాటు పడ్డ మనిషి కొంచెం నయమైనా చాలనుకుంటుంది.

ఎందుకు అడుగుతారు?

ఊరు ఎట్లా ఉందో ఊరి జనాన్ని అడగడం మంచి పనే. బెంగుళూరులో 1994లో ఈ పని జరిగింది. శామ్యూల్ పాల్ అనే పెద్దమనిషి ముందుండి చేయించాడు. నీళ్ళ ఆఫీసు, కరెంటు ఆఫీసు, నగరపాలక ఆఫీసు ఎట్లా పని చేస్తున్నాయని ఇంటింటికీ పోయి అడిగారు. మురికివాడల వాళ్ళనూ అడిగారు. బడిపిల్లలకు మార్కులు వేసినట్టు ఒక్కో ఆఫీసుకు మార్కులు వేశారు. ఆ మార్కులు పేపర్లలో వచ్చాయి.

అప్పుడు తృప్తిగా ఉన్నామన్నవాళ్ళు సగటున నూటికి 9 మందే. 1999లో మళ్ళీ అడిగారు. నూటికి 34 మంది అయ్యారు. 2003లో మూడోసారి అడిగారు. నూటికి 49 మంది అయ్యారు. ఒక్క సర్వేతోనే అంతా మారలేదు. ఇంకా ఎన్నో పనులు తోడయ్యాయి. కాని మార్కులు నలుగురిలో పడ్డాక ఆఫీసులు ఊరికే కూర్చోలేకపోయాయి.

తర్వాత కేంద్ర ప్రభుత్వం కూడా ఇట్లాంటి సర్వేలు పెట్టింది. పట్టణాలలో బతుకు ఎంత సుఖంగా ఉందో 2020లో కొలిచారు. 100 మార్కులలో 30 మార్కులు జనం మాటకే ఇచ్చారు. ఫలితాలు 2021లో వచ్చాయి. కాని అందులో ఉన్నవి 111 నగరాలే. హైదరాబాదు ఉంది, వరంగల్లు ఉంది. సూర్యాపేట లేదు. కోదాడ లేదు. మిర్యాలగూడ లేదు.

పరిశుభ్రత కోసం స్వచ్ఛ సర్వేక్షణ్ అని ఇంకొక సర్వే ఉంది. అది 2016లో 73 నగరాలతో మొదలైంది. 2018కి దేశంలో 4,200కు పైగా పట్టణాలకు చేరింది. చిన్న పట్టణాలూ అందులోకి వచ్చాయి. అక్కడా జనాన్ని అడుగుతారు. అడిగినప్పుడు ఆడవాళ్ళు ఏం చెప్పాలి? అసలు సంగతి ఇదే.

లెక్కతో చెప్పాలి

‘మంచిగ ఉందా, లేదా’ అంటే జవాబు ఒక్క మాటలో తేలిపోతుంది. లెక్క చెబితే అట్లా తేలిపోదు.

వారంలో ఎన్ని రోజులు నల్లా వచ్చింది? ఎన్ని గంటలకు వచ్చింది? ఎన్ని బిందెలు నిండాయి? చెత్త బండి ఎన్నిసార్లు వచ్చింది? మోరీ ఎన్నడు తీశారు?

కోదాడలో పెద్ద రోడ్డు దాటి ఇంటికి పోయే ఆడమనిషి, వీధి దీపం ఎన్ని రాత్రులు వెలగలేదో చెప్పాలి. మిర్యాలగూడలో రైసుమిల్లుల దగ్గర ఉండే ఆమె, ఆరేసిన బట్టల మీద ఎన్ని రోజులు బూడిద పడిందో చెప్పాలి.

దీనికి పెద్ద చదువు అక్కరలేదు. గోడకు క్యాలెండరు ఉంటే చాలు. నల్లా వచ్చిన రోజు ఒక గీత పెట్టాలి. రాని రోజు సున్నా చుట్టాలి. నెల చివర సున్నాలు లెక్కపెట్టాలి.

ఒక వీధిలో 20 ఇళ్ళు ఉన్నాయనుకోండి. 12 ఇళ్ళ క్యాలెండరులో పదికి మించి సున్నాలు వచ్చాయి. 20కి 12 అంటే నూటికి 60. ఇప్పుడది ఒక్క ఆడమనిషి గోడు కాదు. నూటికి 60 ఇళ్ళ మాట.

నాలుకకు తెలియనిది

తృప్తితో తేలనిది కూడా ఒకటి ఉంది. నల్లగొండ ప్రాంతానికి ఫ్లోరైడు బాధ పాతది. సూర్యాపేట, కోదాడ కూడా 2016 దాకా నల్లగొండ జిల్లాలోవే. ఫ్లోరైడు నీళ్ళు చూస్తే తేటగానే ఉంటాయి. నోట్లో పోసుకుంటే నీళ్ళలాగే ఉంటాయి. కాని లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడును ఏళ్ళ తరబడి తాగితే పండ్లు గార పడతాయి. బాగా ఎక్కువైతే ఎముకలు వంకర పోతాయి. ఇక్కడ ‘నీళ్ళు తియ్యగున్నయి’ అనే మాట పనికిరాదు. బోరు నీళ్ళు తాగేవాళ్ళు పరీక్ష చేయించమని అడగాలి. పరీక్ష కాగితం చూపించమని అడగాలి.

ఎక్కడ చెప్పాలి?

తెలంగాణ మున్సిపాలిటీల చట్టం 2019లో వచ్చింది. ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు వేయాలని అందులో ఉంది. వాటిలో ఒకటి మహిళల కమిటీ. వార్డులో ఆ కమిటీ ఉందా? అందులో ఎవరున్నారు? ముందు అది అడగాలి. లెక్క రాసిన కాగితం ఆ కమిటీ ముందు పెట్టాలి. ఒక నకలు మున్సిపల్ ఆఫీసులో ఇచ్చి, ముట్టినట్టు రసీదు తీసుకోవాలి. ఆరు నెలలకు మళ్ళీ లెక్కపెట్టాలి. సున్నాలు తగ్గాయా, పెరిగాయా చూడాలి.

అక్కలారా! బిందెలు ఎన్నో, సున్నాలు ఎన్నో లెక్క రాయడం ఇప్పుడు మీకు వచ్చింది. ఈసారి సర్వే చేసే అమ్మాయి వాకిట్లోకి వస్తే, లోపలి నుంచి క్యాలెండరు తీసుకొని బయటికి రండి.

“ఆయన్ని కాదు బిడ్డా, నన్ను అడుగు. నీళ్ళు పట్టేది నేను” అనండి.