మిగిలిపోయిన ఇంటి లెక్క



ఏ సంస్థనైనా తీసుకోండి. మునిసిపాలిటీ కావచ్చు, సహకార సంఘం కావచ్చు, బడి, ఆసుపత్రి, చిన్న కంపెనీ ఏదైనా కావచ్చు. ఏడాది మొదట్లో ఒక ప్రణాళిక వేసుకుంటుంది, ఏడాది చివర ఒక నివేదిక రాసుకుంటుంది. ప్రణాళికలో రాసినదానికీ జనానికి అందినదానికీ చాలాసార్లు పొంతన ఉండదు. ఎందుకని అడిగితే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి: నిధులు చాలలేదు, లేకపోతే కింది సిబ్బంది సరిగా పనిచేయలేదు. రెండింటిలోనూ కొంత నిజముంది. కానీ నిధులు దండిగా ఉండి, సిబ్బంది చెమటోడ్చి పనిచేసిన చోట కూడా ప్రణాళికలు ఏళ్ల తరబడి గమ్యం చేరకపోవడం చూస్తూనే ఉన్నాం. కాబట్టి అసలు కారణాన్ని మరోచోట వెతకాలి. ఈ సాయంత్రం నేను వాదించబోయేది ఒక్కటే మాట. సంస్థ తాను ఎంత పని చేశానన్నదే లెక్కపెట్టుకుంటున్నంత కాలం ప్రణాళిక కాగితం మీదే ఉండిపోతుంది. ఏ పని మిగిలిపోయింది, ఎక్కడ మిగిలింది, ఎందుకు మిగిలింది అని లెక్కపెట్టడం మొదలుపెట్టిన రోజున అది ఆచరణలోకి దిగుతుంది. ఆ లెక్క నిజమో కాదో తేల్చే ఏర్పాటు కూడా ప్రణాళికలోనే ఉండాలి. దీనికి సాక్ష్యంగా మన దేశంలో పోలియో నిర్మూలన జరిగిన తీరును మీ ముందు పెడతాను. ఆ చుక్కల మందు ఈ సభలో ఉన్న చాలామంది గడప తొక్కింది గనుక పరిచయం అక్కర్లేని ఉదాహరణ అది.

1988లో ప్రపంచ ఆరోగ్య సభ పోలియోను భూమ్మీద లేకుండా చేయాలని తీర్మానించింది. మన దేశంలో పల్స్ పోలియో కార్యక్రమం 1995లో మొదలైంది. లక్ష్యం విషయంలో ఎవరికీ సందేహం లేదు. మందు ఉంది, ప్రభుత్వ సంకల్పం ఉంది, అంతర్జాతీయ సాయం ఉంది. ఒక్కో జాతీయ విడతలో దాదాపు 17 కోట్ల మంది పిల్లలకు చుక్కలు వేసే స్థాయికి కార్యక్రమం ఎదిగింది. అయినా 2002లో 1,600 కేసులు వచ్చాయి. 2005 నాటికి అవి 66కు తగ్గితే ఇక అయిపోయిందనుకున్నారు. మరుసటి ఏడాదే 676 అయ్యాయి. 2009లో 741. ఆ ఏడాది ప్రపంచంలో మరే దేశంలోనూ అన్ని కేసులు లేవు. పోలియోను వదిలించుకోవడంలో భారతదేశమే చిట్టచివరిది అవుతుందని చాలామంది నిపుణులు అనుకునేవారు. అలాంటిది 2010లో 42 కేసులకు పడిపోయి, 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హౌరా జిల్లాలో బయటపడిన ఒక్క కేసుతో సహజ పోలియో వైరస్ కథ ఈ దేశంలో ముగిసింది. 2014 మార్చి 27న మన దేశం కూడా ఉన్న ఆగ్నేయాసియా ప్రాంతం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపత్రం ఇచ్చింది. ఆ పదిహేనేళ్లలో లక్ష్యం మారలేదు. పనిని చూసే చూపు మాత్రం మెల్లమెల్లగా మారింది.

మొదట్లో బూత్‌లు పెట్టి తల్లులను పిల్లలతో రమ్మన్నారు. రోజు చివర ఎన్ని చుక్కలు వేశారో లెక్క రాసేవారు. నూటికి 95 మంది వచ్చారంటే ఏ అధికారి అయినా తృప్తి పడతాడు. కానీ 17 కోట్లలో నూటికి అయిదుగురంటే 85 లక్షల మంది పిల్లలు. ఆ పిల్లలు దేశమంతా సమానంగా చెదిరి ఉంటే ప్రమాదం తక్కువగా ఉండేదేమో. వాళ్లు అలా ఉండరు. బూత్ దాకా రాలేనివాళ్లు ప్రతి విడతలోనూ ఇంచుమించు వాళ్లే: ఇటుక బట్టీల దగ్గర గుడిసెలు వేసుకున్న వలస కూలీల పిల్లలు, బిహార్‌లో కోసీ నది పాయల మధ్య దారి లేని ఊళ్ల పిల్లలు, మందు మీద అపనమ్మకం పెరిగిన వాడల పిల్లలు, విడత జరిగిన వారం అమ్మమ్మగారి ఊళ్లో ఉన్న పసికందులు. వైరస్‌కు కావలసింది సరిగ్గా అలాంటి చోటే. సగటు అంకె ఎంత బాగుంటే ఆ చోటు అంత బాగా మరుగున పడుతుంది. సగటును చూసి సంతోషించే సంస్థకు తన ఓటమి ఎక్కడ దాగి ఉందో కనబడదు.

1999-2000 నుంచి ఇంటింటికీ వెళ్లడం మొదలయ్యాక లెక్క తీరు మారింది. ఆ పనిని కాస్త దగ్గరగా చూద్దాం. ప్రతి బృందానికీ ఒక మైక్రోప్లాన్ ఉంటుంది: ఏ రోజు, ఏ వీధిలో, ఏ ఇంటి నుంచి మొదలుపెట్టి ఏ ఇంటి దగ్గర ముగించాలో అందులో ఉంటుంది. ఇంట్లోని అయిదేళ్ల లోపు పిల్లలందరికీ చుక్కలు పడితే గోడ మీద ‘పి’ అని రాస్తారు. ఒక్క బిడ్డ మిగిలినా, తాళం వేసి ఉన్నా ‘ఎక్స్’ అని రాస్తారు. చుక్కలు పడిన బిడ్డ ఎడమచేతి చిటికెన వేలి గోరు మీద సిరా గుర్తు పెడతారు. చేతిలోని ట్యాలీ షీటులో ఆ ‘ఎక్స్’ ఇంటికి కారణం కూడా నమోదవుతుంది: తాళం ఉందా, బిడ్డ ఊళ్లో లేదా, జబ్బుగా ఉందా, పెద్దలు వద్దన్నారా. సాయంత్రం సమావేశంలో ముందుకొచ్చే ప్రశ్న ‘ఎక్స్’ ఇళ్లు ఎన్ని, వాటికి రేపు ఎవరు వెళ్తారు అన్నదే. కారణం తెలిసింది గనుక పరిష్కారం కూడా కారణాన్ని బట్టి మారింది. తాళం వేసిన ఇంటికి కూలి నుంచి తిరిగొచ్చే వేళకు మళ్లీ వెళ్లారు. ఊళ్లో లేని బిడ్డ కోసం రైళ్లలోనూ బస్టాండ్లలోనూ బృందాలు నిలబడ్డాయి. వద్దన్న ఇంటికి టీకా సిబ్బంది ఒక్కరే వెళ్లలేదు; ఆ వీధిలో నమ్మకమున్న మహిళా కార్యకర్త, మసీదు ఇమాము, బడి పంతులు తోడు వెళ్లి మాట్లాడారు. నూటికి ఎంత అన్న అంకె ఈ మూడింటిలో ఒక్క పనినీ చెప్పలేదు. గోడ మీది ‘ఎక్స్’ చెప్పింది.

ఇక రెండో మెట్టు. పనిచేసినవాళ్లు రాసిన లెక్క నిజమని ఎలా తెలుస్తుంది? ఇక్కడ పోలియో కార్యక్రమం చేసిన ఏర్పాటు నాకు అన్నిటికంటే గొప్పదిగా కనిపిస్తుంది. 1997లో ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి నేషనల్ పోలియో సర్వైలెన్స్ ప్రాజెక్టును నిలబెట్టాయి. పదిహేనేళ్ల లోపు బిడ్డకు ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడితే, అది పోలియోనా కాదా అని ఆగి ఆలోచించకుండా కబురు చేయాలన్నది నియమం. చచ్చుబాటు మొదలైన 14 రోజుల్లోగా, కనీసం 24 గంటల తేడాతో రెండు మల నమూనాలు తీసి, చల్లదనం చెడకుండా ల్యాబ్‌కు పంపాలి. పోలియో అసలే లేని చోట కూడా ఇతర కారణాల వల్ల ఏటా ప్రతి లక్ష మంది పిల్లల్లో కనీసం ఒకరికి ఇలాంటి చచ్చుబాటు వస్తుంది. మన దేశం తన ప్రమాణాన్ని ఇంకా బిగించి లక్షకు ఇద్దరుగా పెట్టుకుంది. దీని అర్థం ఏమిటంటే, ఒక జిల్లా నుంచి ఏడాది పొడుగునా ఒక్క కబురూ రాకపోతే అక్కడ అంతా బాగుందని అనుకోవడానికి వీల్లేదు; అక్కడ చూసేవాళ్లే లేరని అనుకోవాలి. 2010 ప్రాంతంలో ఏటా 50 వేలకు పైగా చచ్చుబాటు కేసులను పరీక్షించారు. పోలియో కేసులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఉన్నప్పుడు అన్ని వేల పరీక్షలు వృథా కాదా అనిపిస్తుంది. ‘పోలియో లేదు’ అన్న మాటకు విలువ తెచ్చినవి ఆ వేల పరీక్షలే. మామూలు సంస్థల్లో ఫిర్యాదులు రాకపోతే పని బాగుందనుకుంటాం. ఫిర్యాదు చేసే దారి తెరిచి ఉందా అని విడిగా పరీక్షించే సంస్థలు ఎన్ని?

మూడోది, పర్యవేక్షణలో తేలిన విషయానికి ప్రణాళికను మార్చే శక్తి ఉండాలి. పోలియో పోవడానికి కారణం మెరుగైన మందు తప్ప లెక్కలు కావని కొందరంటారు. మందు మెరుగుపడిన మాట నిజం. అయితే మందు మార్చాలని ఎలా తెలిసింది? చచ్చుబడిన ప్రతి బిడ్డకూ అంతకుముందు ఎన్నిసార్లు చుక్కలు పడ్డాయో నమోదు చేశారు. ఉత్తరప్రదేశ్‌లో చాలాసార్లు చుక్కలు పడిన పిల్లలకు కూడా జబ్బు వచ్చినట్టు ఆ లెక్కల్లోనే బయటపడింది. టైప్-1 వైరస్ విషయంలో, మూడు రకాల పోలియో వైరస్‌లకూ కలిపి వేసే పాత మందు ఒక్కో మోతాదుకు అక్కడ ఇచ్చిన రక్షణ సుమారు నూటికి 9 మాత్రమే అని తేలింది. కిక్కిరిసిన జనాభా, విరేచనాలు, అపరిశుభ్రమైన నీరు అందుకు కారణాలు. తల్లులు సహకరించలేదని, సిబ్బంది మోసం చేశారని నింద వేసి ఊరుకుంటే కార్యక్రమం అక్కడే ఆగిపోయేది. 2005లో ఒకే రకం వైరస్ మీద పనిచేసే మందు, 2010 జనవరిలో రెండు రకాల మీద పనిచేసే మందు వచ్చాయి. మిగిలిన కేసుల్లో చాలా భాగం ఉత్తరప్రదేశ్‌లోని 66, బిహార్‌లోని 41, మొత్తం 107 బ్లాకుల్లోనే పుడుతున్నాయని పటం మీద కనబడగానే శక్తినంతా అక్కడికి తిప్పారు. చుక్కలతో పాటు నీరు, పారిశుధ్యం, విరేచనాలకు జింకు, ఓఆర్‌ఎస్ కూడా ఆ ప్రణాళికలో చేరాయి. పర్యవేక్షణ శిక్షకే వాడితే కింది నుంచి మంచి వార్తలే వస్తాయి. దిద్దుబాటుకు వాడితే నిజాలు వస్తాయి.

దీనిమీద గట్టి అభ్యంతరం ఒకటుంది. అంకె మీద కళ్లు పెడితే మనుషులు పనిని వదిలి అంకెను పెంచుతారు. 1975లో చార్లెస్ గుడ్‌హార్ట్ అనే బ్రిటిష్ ఆర్థికవేత్త ద్రవ్య విధానం సందర్భంలో చెప్పిన ఈ సంగతి నేటికీ ఆయన పేరుతోనే చలామణీలో ఉంది. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఉదాహరణ అందరికీ తెలుసు. ఒక్కో ఖాతాదారుకు ఇన్ని ఖాతాలు అంటగట్టాలని సిబ్బందికి టార్గెట్లు పెట్టారు. ఖాతాదారులకు తెలియకుండా లక్షల ఖాతాలు పుట్టుకొచ్చాయి. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, అప్పటికి సుమారు 5,300 మంది ఉద్యోగాలు పోయాయి. అభ్యంతరం సరైనదే, కానీ అది కొలతలన్నిటికీ వర్తించదు. ఆ బ్యాంకులో పని చేసేదీ, లెక్క రాసేదీ, ఆ లెక్క వల్ల బతికేదీ ఒక్కరే. లెక్క పెరిగితే పైవాళ్లందరికీ లాభం, ఖాతాదారును అడిగి చూసే నాథుడు లేడు. పోలియోలో చుక్కలు వేసినవారు గోడ మీద ‘పి’ రాస్తే, మరొకరు వచ్చి తలుపు తట్టి పిల్లల చిటికెన వేళ్లు చూసేవారు. సంతల్లో, వీధుల్లో ఆడుకునే పిల్లల వేళ్లు చూసేవారు. ఇవన్నీ దాటి అబద్ధం నిలబడినా, ల్యాబ్‌లో వైరస్ దొరికిన నాడు అది బయటపడేది. మందు సీసా మీద కూడా ఒక చిన్న గుర్తుంటుంది: వృత్తం, దాని మధ్యలో చతురస్రం. వేడి తగిలే కొద్దీ చతురస్రం ముదురుతుంది. వృత్తంతో సమానమైన రంగుకు వస్తే ఆ సీసా పనికిరాదు. ఐస్ పెట్టె సరిగా ఉందని ఎవరు సంతకం పెట్టినా ఆ రంగును మార్చలేరు. అబద్ధం ఆడితే లాభం లేని చోట కొలత పెట్టాలి. ఒక్క కొలతను నమ్మకుండా, వేరే చేతుల్లో ఉన్న మరో కొలతతో సరిచూసుకోవాలి.

రెండో అభ్యంతరం మరింత బాధ కలిగించేది. ఒకే లక్ష్యం మీద ఇంత శక్తి పెడితే మిగతా పనులు పడకేస్తాయి. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఉత్తరప్రదేశ్‌లో అన్ని టీకాలూ పూర్తిగా పడిన పిల్లలు నూటికి 23 మంది. అప్పటికి పదేళ్లుగా అవే ఇళ్లకు పోలియో బృందాలు పదేపదే వెళ్తున్నాయి. అంత తక్కువకు పోలియో ఒక్కటే కారణమని చెప్పలేం. అక్కడి ఆరోగ్య వ్యవస్థ అంతకుముందే బలహీనం. అయినా చుక్కలు తప్ప మరేదీ తేని మనుషులను చూసి తల్లులు విసిగిపోయిన మాట, అపనమ్మకానికి అది కూడా ఒక కారణమైన మాట ఒప్పుకోవాల్సిందే. దీని నుంచి తేలేది, ఏది కొలవాలో నిర్ణయించడం పర్యవేక్షణ కంటే పెద్ద బాధ్యత అని. కొలిచే పద్ధతిని వదిలేయమని మాత్రం తేలదు. 2014 డిసెంబర్‌లో మొదలైన మిషన్ ఇంద్రధనుష్ ఇదే పద్ధతితో అసలు టీకాలు అందని, సగంలో ఆగిపోయిన పిల్లలను వెతకడం మొదలుపెట్టింది. ఒక జబ్బు కోసం నేర్చిన విద్య మిగతా జబ్బులకూ పనికొచ్చింది.

ఇంత పెద్ద కార్యక్రమానికి చెల్లింది మన ఊరి సంస్థలకు చెల్లుతుందా అన్నది మూడో ప్రశ్న. పోలియోకు కోట్ల డబ్బు, లక్షల మనుషులు కావలసి వచ్చిన మాట నిజం. కానీ నేను చెప్పిన పద్ధతిలో ఖరీదైన భాగం చాలా తక్కువ. చెత్త బండి నూటికి 95 ఇళ్లకు వెళ్తోందని చెప్పే బదులు, వెళ్లని సందుల పేర్లు వార్డు కార్యాలయం గోడకు అంటించడానికి ఎంతవుతుంది? హాజరు సగటు చెప్పే బదులు, ఈ నెలలో వరసగా వారం రోజులు బడికి రాని పిల్లల పేర్లు, కారణాలు హెడ్మాస్టరు ముందు పెట్టడానికి ఏ కంప్యూటరు కావాలి? ఎరువుల అమ్మకం ఎంతో చెప్పే సహకార సంఘం, అదునులో ఎరువు దొరకని సభ్యుల జాబితా రాయలేదా? ఈ లెక్క గెలిచాక కూడా ఆగకూడదు. 2016లో హైదరాబాద్ మురుగునీటిలో వ్యాక్సిన్ నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనబడింది. ఒక్క బిడ్డకూ చచ్చుబాటు రాకముందే తెలంగాణ ప్రభుత్వం ఆ జూన్‌లో హైదరాబాద్, రంగారెడ్డి ప్రాంతంలో ప్రత్యేకంగా సూది టీకాలు వేయించింది. జబ్బు లేదని ధ్రువపత్రం వచ్చిన రెండేళ్ల తర్వాత కూడా మురుగునీటిని పరీక్షిస్తూ ఉండబట్టే అది సాధ్యమైంది. విజయం వచ్చాక చూడటం మానేసే అలవాటు ఏ సంస్థకూ మంచిది కాదు.

కాబట్టి మీ వార్డు సభలో, సంఘం సర్వసభ్య సమావేశంలో, బడి కమిటీలో ఈసారి నివేదిక చదివినప్పుడు మొత్తం అంకె విని చప్పట్లు కొట్టి లేచిపోకండి. ఎవరికి అందలేదో ఆ జాబితా చూపించమని అడగండి. ఆ జాబితాను పని చేసినవారు కాక వేరెవరైనా సరిచూశారా అని అడగండి. కిందటిసారి జాబితా చూశాక ప్రణాళికలో ఏం మార్చారో చెప్పమనండి. అంతకంటే ముఖ్యంగా, ఆ జాబితాను నిజాయితీగా తెచ్చి మీ ముందు పెట్టిన ఉద్యోగిని అందరిలో నిలదీయకండి. గోడ మీద ‘ఎక్స్’ రాసిన టీకా కార్యకర్త తన పని పూర్తికాలేదని ఊరందరికీ కనబడేలా ఒప్పుకుంది. అలా రాసినందుకు ఆమెకు శిక్ష పడి ఉంటే ఆ గోడ మీద కూడా ‘పి’యే ఉండేది, లోపలి బిడ్డ మాత్రం అలాగే మిగిలిపోయేది. మిగిలిపోయిన పనిని దాచుకోకుండా చెప్పగలిగే వాతావరణాన్ని పైన ఉన్నవాళ్లే కల్పించాలి. సభ్యులుగా, ఓటర్లుగా, తల్లిదండ్రులుగా దాన్ని అడిగి సాధించుకోవలసిన బాధ్యత మనది.