కేయూ దగ్గర లగ్జరీ ఫ్లాటా? ముందు సెల్లార్ చూడండి

జనగామ, మహబూబాబాద్ వాళ్లకు కాజీపేట దాకా రైలుంది. భూపాలపల్లి నుంచి కాకతీయ యూనివర్సిటీకి రావాలంటే బస్సే దిక్కు, అందుకే హన్మకొండలో రూమ్. ఇప్పుడు నలుగురు కలిసి త్రీ బీహెచ్‌కే లగ్జరీ ఫ్లాటే తీసుకుంటున్నరు.

తీసుకోండి. కానీ వాళ్లు లిఫ్ట్, జిమ్ చూపిస్తారు, మీరు సెల్లార్ చూడండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగినయి. గోడకు కింద రెండడుగులే కొత్త పెయింట్ ఉందా? వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్ కన్నా ఆయనే నిజం చెప్తాడు.

అగ్రిమెంట్ 11 నెలలకే రాస్తారు. రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవాలనే అట్లా రాస్తారు. అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, పెయింటింగ్ పేరుతో ఎంత కోస్తారో అందులోనే రాయించండి. మెయింటెనెన్స్ కిరాయిలో కలిసిందా, వేరేనా అన్నది కూడా.

అసలు సంగతి పేర్లు. నాకు తెలిసిన భూపాలపల్లి తమ్ముడొకడు ఒక్కడే సంతకం పెట్టిండు. మిగతా ముగ్గురికి ఉద్యోగాలొచ్చి మధ్యలోనే ఖాళీ చేసిండ్రు. ఓనర్ వీణ్ణే పట్టుకున్నడు. మూడు నెలల ఫుల్ కిరాయి వాళ్ల నాన్న కట్టిండు, సింగరేణి బావిలో పనిచేసే మనిషి.

మీ అగ్రిమెంట్‌లో ఎవరెవరి పేర్లున్నయో ఇప్పుడే తీసి చూడండి.