బలం లెక్క, కూలి లెక్క

(మండల రైతు సంఘం సమావేశంలో చేసిన ప్రసంగం)



కిందటేడు నాట్ల కూలి మాట్లాడుకునేటప్పుడు మా ఊళ్ళో మగవాళ్ళకు 700, ఆడవాళ్ళకు 400 అన్నారు. ఎందుకట్లా అని ఒక అక్క అడిగితే "మగవాడి బలం, ఆడమనిషి బలం ఒకటేనా?" అని జవాబు. ఆ రోజు నేనూ తల ఊపాను. అందుకే ఇవాళ మాట్లాడుతున్నాను.

బలంలో తేడా ఉన్నమాట నిజమే. ఈడొచ్చాక మగపిల్లల ఒంట్లో టెస్టోస్టిరాన్ అనే హార్మోను బాగా పెరుగుతుంది, దాంతో కండ పెరుగుతుంది. సగటున ఆడవాళ్ళ భుజాల, చేతుల బలం మగవాళ్ళ బలంలో 50, 60 శాతం ఉంటుంది. కాళ్ళ బలంలో అంత తేడా లేదు. ఇదంతా సగటు మాట. నన్ను ఎత్తి గట్టు అవతల పడేయగల ఆడవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు!

మరి నాటుకు కావలసింది ఏ బలం? పొద్దుగూకేదాకా బురదలో నడుం వంచి, వెనక్కి అడుగేస్తూ మునుం పట్టాలి. కలుపు తీత, పత్తి తీత కూడా అంతే. ఎవరి బలానికి తగ్గ పని వాళ్ళు ఆపకుండా చేస్తూ పోతే, త్వరగా అలసిపోకుండా నిలిచేది ఎక్కువగా ఆడవాళ్ళేనని చాలా పరీక్షల్లో తేలింది. 75 కిలోల ధాన్యం బస్తాకు మగబలం కావాలి, ఒప్పుకుంటాను. దానికి బస్తా లెక్కన హమాలీ విడిగా ఇస్తూనే ఉన్నాం కదా! నాకు 56 ఏళ్ళు. మోకాళ్ళు పోయాయి. బస్తా ఎత్తి పదేళ్ళయింది. అయినా పక్క చేలోకి పనికి పోతే నాకు మగకూలే ఇస్తారు. బలానికే కూలి అయితే నాకెందుకు ఇచ్చినట్టు?

సమాన వేతన చట్టం 1976లోనే వచ్చింది. ఉపాధి హామీలో ఆడా మగా రేటు ఒకటే. మన చేలోనే రెండు రేట్లు.

"కూలి పెంచితే మేం బతికేదెట్లా?" అని చిన్న రైతు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే, నాదీ మూడెకరాలే. కానీ మద్దతు ధర కోసం సాగు ఖర్చు లెక్క కట్టేటప్పుడు మనమిచ్చిన కూలీ, మన ఇంటివాళ్ళ కష్టమూ అందులోకి వస్తాయి. ఆడవాళ్ళ పనికి చౌక రేటు కడితే మన ఖర్చే తక్కువగా కనబడుతుంది.

ఇంకొకటి, పనిముట్లు. వీపు స్ప్రేయర్‌లో 16 లీటర్లు పోస్తే నీళ్ళ బరువే 16 కిలోలు. పట్టీలు, పిడి అన్నీ మగవాడి కొలతకే. ఆడవాళ్ళకు అనువైన పనిముట్ల మీద పనిచేసే కేంద్ర సంస్థ భువనేశ్వర్‌లో ఉంది. అలాంటివి సబ్సిడీ మీద ఇక్కడికీ రావాలని వ్యవసాయాధికారికి అర్జీ రాశాం. సంతకాలు ఇవాళే. అక్కలు ముందు చెయ్యండి.

కూలి సంగతి తొలకరికి ముందే ఊరూరా కూర్చుని తేల్చుకుందాం. నా మూడెకరాల్లో మాత్రం ఈసారి ఒకటే రేటని మా ఆవిడ ముందు ఒప్పుకునే వచ్చాను.