సహచరుల పాట, మరో గొంతు

ఒక బృందం మరొకరి పాటను తీసుకొని తన వాద్యాలతో, తన ఉచ్చారణతో తిరిగి పాడి వినిపించడాన్ని రాక్ సంగీతంలో ‘కవర్’ అంటారు. పెద్ద కంపెనీల ప్రచారానికి దూరంగా, చిన్న హాళ్లనూ చిన్న రికార్డు సంస్థలనూ ఆధారం చేసుకొని బతికే అండర్‌గ్రౌండ్ రాక్‌లో, తోటి బృందం పాటను ఎత్తుకోవడం బహిరంగంగా గౌరవం చాటుకునే పద్ధతి. సియాటిల్‌లోని సబ్ పాప్ సంస్థ 1988 డిసెంబరులో తెచ్చిన ఏడంగుళాల రికార్డు దీనికి చక్కని నిదర్శనం: ఒక పక్కన, 1981లో ఏర్పడి యువ వాద్యకారులకు దారి చూపుతూ వచ్చిన న్యూయార్క్ బృందం సోనిక్ యూత్, ఆ ఏడాదే పుట్టిన మడ్‌హనీ పాటను కిమ్ గోర్డన్ గొంతుతో పాడింది, రెండో పక్కన మడ్‌హనీ సోనిక్ యూత్ పాటను పాడింది. పెద్దలు చిన్నవారి పాటను నేర్చుకొని మరీ పాడిన ఆ తీరులోనే దాని విలువంతా ఉంది.

తెలుగునాట ఇటువంటి బంధం గిటారు బృందాలకన్నా ముందుగా, డప్పూ గజ్జే గొంగడీ పట్టుకొని 1972లో రూపుదిద్దుకున్న విప్లవ కళాబృందం జననాట్యమండలిలో కనిపిస్తుంది. దాని గొంతుగా పేరుపడ్డ గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. దాని స్థాపకుల్లో ఒకరైన వంగపండు ప్రసాదరావు ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలోని పెదబొండపల్లి నుంచి వచ్చి విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేసిన కవి. ఒకరిది తెలంగాణ పలుకు, మరొకరిది ఉత్తరాంధ్ర పలుకు. శ్రీకాకుళ గిరిజన పోరాటం నేపథ్యంగా వంగపండు కట్టిన ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ తన యాసను వదులుకోకుండానే జననాట్యమండలి వేదికలెక్కి, ఆ యాస ఎరుగని ఊళ్లకూ చేరింది. యాసను దిద్దకుండా పాడటం సహచర కవికి ఇచ్చిన నిజమైన మర్యాద అని గుర్తించాలి.

ఈ చరిత్రలో ఎక్కువసేపు ఆగవలసిన చోటు ‘బండెనక బండి కట్టి’. 1946–51 తెలంగాణ సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి నిజాం పాలనను ఎదిరిస్తూ కట్టిన ఈ పాటను, బి. నరసింగరావు నిర్మాణంలో గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన 1979 నాటి ‘మా భూమి’లో గద్దర్ తెర మీద కనిపిస్తూ పాడాడు. వింజమూరి సీతాదేవి సంగీత బాధ్యత పంచుకున్న ఆ చిత్రంలోనే సుద్దాల హనుమంతు ‘పల్లెటూరి పిల్లగాడా’ కూడా చోటు చేసుకుంది. సినిమా వల్ల పాట ఇంటింటికీ వెళ్లింది, కానీ అదే దారిలో కవి పేరు వెనకబడింది; ఈనాటికీ ఎందరో దానిని గద్దర్ రచనగానే భావిస్తారు. ఈ పొరపాటుకు గాయకుణ్ణి తప్పుపట్టడం న్యాయం కాదు. నోటి నుంచి నోటికి నడిచే పాటకు రచయిత పేరు చెప్పే అలవాటు మొదటి నుంచీ తక్కువ. పైగా నిర్బంధ కాలంలో పేరు చెప్పడమే ప్రమాదం. 1985 జూలైలో కారంచేడు దళితుల హత్యాకాండ తరువాత గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్లి, 1990 ఫిబ్రవరిలో తిరిగి వచ్చేదాకా ఎన్నో పాటలు ఎవరి పేరూ లేకుండానే తిరిగాయి. రాక్ రికార్డు చీటీ మీద రచయిత పేరు అచ్చయి ఉంటుంది. ఇక్కడ ఆ చీటీ పని జ్ఞాపకమే చేయవలసి వచ్చింది, అది చాలని చోట యాదగిరి వంటివారు నష్టపోయారు.

సోవియట్ సహకారంతో ఉక్కు కర్మాగారానికి 1955లో ఒప్పందం కుదిరి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగిన భిలాయిలోని తెలుగువారికి వంగపండు రచనల్లో మరొకటి ప్రత్యేకంగా తగినది: యంత్రాన్ని నడిపించేది ఎవరో కార్మికుడి వైపు నుంచి చెప్పే పాట. ఓడలు కట్టే యార్డులో చేతులు మసిచేసుకున్న మనిషి రాసినది కనుక, ఉక్కు కొలిమి దగ్గర పనిచేసే ఉత్తరాంధ్ర కుటుంబాలకు దాని పలుకూ పనీ రెండూ పరిచితమే. వంగపండు 2020 ఆగస్టు 4న, గద్దర్ 2023 ఆగస్టు 6న కన్నుమూశారు. వారి పాటలను సంకలనం చేసే వారు రచయితనూ, బాణీ మూలాన్నీ, పాడిన గొంతునూ విడివిడిగా నమోదు చేస్తే, ఎవరి పాట ఎవరి నోట ఎలా మారిందో రాబోయే పరిశోధకుడు పోల్చి చూడగలుగుతాడు. బండి యాదగిరి పాటతోనే ఆ పని మొదలుకావాలి.