నమూనా రైలుకు తొలి డిజిటల్ కంట్రోలరు

మా జంగారెడ్డిగూడెమునకు రైలు లేదు. రైలెక్కదలచినవారు బస్సులో ఏలూరునకో తాడేపల్లిగూడెమునకో పోవలసినదే. భద్రాచలం రోడ్డునుండి కొవ్వూరునకు మా ఊరి మీదుగా లైను పడునను మాట మా తండ్రులు వినిరి, మేము వింటిమి, ఇప్పుడు మా మనుమలు వినుచున్నారు. అట్టి ఊరిలో ఒక పిల్లవాడు ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల చెక్కబల్లమీద రైలు నడిపెదనని పట్టుబట్టినచో పెద్దలకు నవ్వు వచ్చుట సహజము. నేనును నవ్వితిని. పిదప వానితోబాటు బల్లక్రింద వెల్లకిల పరుండి తీగెలు కలిపితిని.

నమూనా రైలనగా కీ యిచ్చి నేలమీద వదలెడి ఆటబొమ్మ కాదు. నిజమైన బండిని ఒక నిర్ణీతమైన కొలతకు తగ్గించి చేసినది. మా బల్లమీది బండి హెచ్.ఓ. అను కొలతకు చెందినది. అనగా అసలు బండిలో 87వ వంతు. దాని పట్టాల నడిమి ఎడము 16.5 మిల్లీమీటరులు. ఈ లెక్క పాశ్చాత్యదేశములందలి 1435 మిల్లీమీటరుల మార్గమునకు చక్కగా సరిపోవును. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటరులు గనుక న్యాయముగా మనకు 19 మిల్లీమీటరులకు పైగా రావలెను. ఈ తేడా లెక్కగట్టి కనుగొన్ననాడు మా మనుమడు రెండుపూటలు అలిగినాడు. ఆ అలుక తీర్చు కంట్రోలరు ఏదియు లేదు.

నేడు నేను చెప్పదలచినది, ఇట్టి చిన్నబల్లకు మొదటి డిజిటల్ కంట్రోలరు ఏది కొనవలెనను ఒక్క విషయమే. ఈ వస్తువులు తరచుగా విదేశములనుండి రావలెను. సుంకము పడును. నచ్చకపోయినచో త్రిప్పి పంపుట తలకు మించిన పని. మధ్యతరగతి కుటుంబములో ఇట్టి కొనుగోలు ఒకమారే జరుగును. ఒకమారు పొరపాటు పడినవాడను గనుక ఆ పొరపాటు సహితముగా మనవి చేయుచున్నాను.

పాతపద్ధతి సులభమైనది. పట్టాలలోనికి 12 వోల్టుల వరకు ఏకముఖ విద్యుత్తు పంపుదురు. వోల్టులు పెంచిన బండి వేగము హెచ్చును, తగ్గించిన తగ్గును. ధన, ఋణములను తారుమారు చేసిన వెనుకకు నడచును. చిక్కేమన, ఒకే పట్టామీద రెండు ఇంజనులున్నచో రెండును కదలును. ఒకదానిని నిలుపవలెనన్న పట్టాను ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క స్విచ్చి పెట్టవలెను. డిజిటల్ పద్ధతిలో అట్లు కాదు. పట్టాలలో ఎల్లప్పుడును ఒకే మోతాదున విద్యుత్తు ఉండును. ఆ విద్యుత్తు ధ్రువములను క్షణక్షణము తారుమారు చేయుచు, ఆ మార్పులలోనే సంకేతములను ఇమిడ్చి పంపుదురు. రెండు మార్పుల నడుమ 58 మైక్రోసెకనులున్న ఒకటి అని అర్థము. నూరు, అంతకు మించి ఉన్న సున్న అని అర్థము. మైక్రోసెకను అనగా సెకనులో పదిలక్షవ భాగము. పూర్వము మన దేశమున తంతి గుమాస్తాలు కట్టు కడ అని కొట్టినది ఇట్టి విద్యయే కదా! ఇంజను గర్భములో డీకోడరు అను చిన్నపలక యుండి ఈ సంకేతములను చదువుచుండును. ఒకే ఆకాశములో విజయవాడయు హైదరాబాదును పలుకుచున్నను మీ ఇంటి రేడియో మీరు త్రిప్పిన కేంద్రమునే అందుకొన్నట్లు, ప్రతి డీకోడరును తన సంఖ్యతో వచ్చిన ఆజ్ఞనే పాటించి తక్కినవానిని విడిచిపెట్టును.

ఈ పద్ధతికి మూలము జర్మనీలోని లెంజ్ సంస్థ కృషి. 1990 తరువాతి దశకములో అమెరికాలోని జాతీయ నమూనా రైల్వే సంఘము దీనిని అందరికిని ఉమ్మడి ప్రమాణముగా చేసినది. దీనినే డి.సి.సి. అందురు. ఒక కంపెనీ కంట్రోలరుతో మరియొక కంపెనీ ఇంజనును నడుపగలుగుట ఈ ప్రమాణము వలన కలిగిన మేలు. మార్‌క్లిన్ వారి మూడు స్పర్శల పట్టా, వారి సొంత సంకేతములు వేరు. రెంటిని కలిపి కొనుట ఆరంభకులకు తగదు.

డిజిటల్ అసలు అవసరమా అని మొట్టమొదట అడుగుకొనవలెను. ఒక ఇంజను, ఒక చుట్టు, అంతే యైనచో అవసరము లేదు. పాతపద్ధతియే చాలును, డబ్బు మిగులును. ప్రక్కలైనులో ఒక గూడ్సు నిలిచియుండగా ప్రధానమార్గమున ప్యాసింజరు దూసుకొని పోవలెనను కోరిక పుట్టిననాడు డిజిటల్ మాట తలపెట్టవచ్చును. మా యింట ఆ కోరిక మొదటి నెలలోనే పుట్టినది.

అపుడు నేను చేసిన పని చౌకలో దొరకిన ఒక చిన్నపెట్టె తెప్పించుట. దాని పేరుతో మనకు పని లేదు. దానికి పది బొత్తాములు, పది ఇంజనులు. మాకున్నవి రెండు, పది మాకేల, ఇదియే ఎక్కువ అనుకొంటిని. కొత్త ఇంజనులు రెంటిని పట్టామీద పెట్టి బొత్తాము నొక్కగనే, "తాతయ్యా, రెండూ ఒక్కసారే కదిలిపోతున్నాయి!" అని వాడు కేక వేసినాడు. ఫ్యాక్టరీనుండి వచ్చు ప్రతి డీకోడరునకును ఆనవాయితీగా 3 అను సంఖ్య పెట్టి పంపుదురు. రెండును తమనే పిలిచిరని లేచినవి. సంఖ్య మార్చు వసతి ఆ పెట్టెలో ఉన్నది గనుక ఆ గండము గడచినది.

తరువాతి గండము గడవలేదు. బయలుదేరునపుడు ఇంజను కాలు జారినవానివలె ముందునకు ఎగిరి, వెనుక పెట్టెల కొక్కెములను ఊడగొట్టుచుండెను. దీనికి మందు డీకోడరులోనే యున్నది. దానిలో సంఖ్యలు వేసిన అరలు అనేకములుండును, వీనిని సి.వి.లు అందురు. మొదటి అరలో ఇంజను సంఖ్య, రెండవదానిలో బయలుదేరునప్పటి బలము, మూడవదానిలో వేగము పుంజుకొను తీరు, నాలుగవదానిలో వేగము తగ్గు తీరు వ్రాయబడి యుండును. ఆ అంకెలను కొద్దిగా మార్చిన బండి నిజమైన రైలువలె మెల్లగా కదలి మెల్లగా ఆగును. మా పెట్టెకు మొదటి అర తప్ప వేరొకటి తెలియదు. వైద్యుడు నాడి పట్టలేడు, మందు వేయలేడు, రోగి పేరు మాత్రము మార్చగలడు!

ఇంతలో హైదరాబాదులోని ఒక అభిరుచిపరునివద్ద వాడిన ఇంజను ఒకటి సరసమైన ధరకు కొంటిమి. నునుపైన నల్లని రంగు, ప్రక్కన తెల్లని అంకెలు, చూడముచ్చటగా నుండెను. పట్టామీద పెట్టితిమి, దీపము వెలుగలేదు, చక్రము కదలలేదు. అమ్మినవారు దానికి ఏ సంఖ్య పెట్టినారో వారికే జ్ఞాపకము లేదు. ఒకటినుండి పదివరకు పిలిచి చూచితిమి. పలుకలేదు. నాలుగు మాసములు అది ప్రక్కలైనులో దుమ్ము పట్టినది. పిల్లవాడు మునుపటివలె బడినుండి రాగానే బల్లదగ్గరకు పరుగెత్తుట మానినాడు. నేను కొన్నది వానికి నచ్చలేదని చెప్పినను నాకింత కష్టము లేకపోవును, వాడేమియు ననలేదు.

సంక్రాంతి సెలవులకు వచ్చిన మా వీధి ఇంజనీరింగు విద్యార్థి యొకడు సంగతి విని, "దాన్ని చదవాలి మాస్టారండీ, ఊరికే పిలిస్తే పలకదు" అన్నాడు. ఆర్డుయినో మెగా అను చిన్న కంప్యూటరు పలకకు మోటారు నడుపు పలక నొకదానిని జతచేసి, డి.సి.సి.-ఇ.ఎక్స్. అను పేరుతో ఉచితముగా లభించు ప్రోగ్రామును దానిలో ఎక్కించినాడు. దీనికి రెండు ద్వారములు: ఒకటి బండ్లు నడచు మార్గమునకు, రెండవది మరమ్మతు పట్టాకు. నల్లని ఇంజనును మరమ్మతు పట్టామీద ఒంటరిగా నిలిపినాము.

చదువుట యనగా ఏమో చెప్పెదను. ఇందులోనే అంతయు నున్నది. ఒక్కొక్క అరలోని సంఖ్య ఎనిమిది సున్న ఒకట్లుగా నుండును. కంట్రోలరు ఒక్కొక్కదానినే అడుగును: ఇది ఒకటేనా? డీకోడరునకు నోరు లేదు. అవునన్నచో తన మోటారునకు క్షణకాలము విద్యుత్తు ఇచ్చి ఒక చిన్న కుదుపు కుదుపును. ఆ కుదుపునకు ఖర్చయిన విద్యుత్తును చూచి కంట్రోలరు అవునని గ్రహించును. నాలుగు మాసములు రాయివలె నున్న ఇంజను మా కనులయెదుట తల యూచినట్లు టిక్కుటిక్కున కదలినది. నాలుగంకెల సంఖ్య వచ్చినది. పిల్లవాడు ఒకసారి తెరవంక, ఒకసారి ఇంజనువంక చూచి, "తాతయ్యా, ఇది దాని మీదే రాసి ఉంది!" అన్నాడు. నిజమే. ప్రక్కన తెల్లరంగుతో వ్రాసిన నంబరే. ఇంజనుమీది నంబరునే డీకోడరునకు పెట్టుట అనుభవజ్ఞుల అలవాటని మాకు తెలియదు. తెలిసినను మా పదిబొత్తాముల పెట్టె నాలుగంకెలు పలుకలేదు.

అందుచేత మొదటి కంట్రోలరు కొనువారు, ఎన్ని ఇంజనులు నడుపును అని అడుగవలదు. మూడవ నాలుగవ అరలలో వ్రాయగలదా, వ్రాసినదానిని చదువగలదా, నాలుగంకెల సంఖ్యను పిలువగలదా అని అడుగవలెను. చదువలేనిదైనచో ఎంత చౌకయైనను దానిని వదలుటయే లాభము. ఎన్.సి.ఇ. వారి పవర్ క్యాబ్ చేతిలో నిముడు కంట్రోలరు, చదువును, వ్రాయును, ఇంచుమించు రెండు ఆంపియరులు ఇచ్చును. డిజిట్రాక్స్ వారి జెఫిర్ ఎక్స్‌ప్రెస్ బల్లమీద నుంచునది, మూడు ఆంపియరులు. నేటి హెచ్.ఓ. ఇంజను సాధారణముగా అర ఆంపియరు లోపే తీసికొనును గనుక చిన్నబల్లకు రెండు ఆంపియరులు పుష్కలము. అంతకన్న పెద్దశక్తి కొనుట పిల్లకాలువకు ఆనకట్ట కట్టుటయే. ఇంటిలో టంకము పెట్టగల చేయి, కంప్యూటరు నెరిగిన యువకుడు ఉన్నచో ఆర్డుయినో మార్గము అన్నిటికన్న చౌక; పలకలు మన దేశములోనే దొరకును, చెడినచో ఆ ఒక్క పలకయే మార్చుకొనవచ్చును. అట్టి తోడు లేనివారు దానిజోలికి పోకుండుట మేలు.

ఈ కాలములో సెల్‌ఫోనుతోనే బండి నడుపవచ్చును. ఇది ఆకర్షణీయముగా తోచును. మేమును కొన్నాళ్లు నడిపితిమి. ఫోను పట్టిన పిల్లవాని చూపు అద్దముమీదనే యుండును, బండిమీద నుండదు. గుండ్రని మీట యున్న కంట్రోలరులో వ్రేళ్లు తమంత తామే త్రిప్పును, కనులు పట్టామీద నుండును. కావున ఫోను రెండవ కంట్రోలరుగా నుండవచ్చును గాని మొదటిది మీటయే కావలెనని నా అభిప్రాయము. ఇందులో నాతో ఏకీభవింపనివారు మా యింటనే యున్నారు.

కొనునపుడు మరి రెండు మాటలు. ఇంజను పెట్టెమీద డి.సి.సి. రెడీ అని యున్న లోపల డీకోడరు ఉన్నదని కాదు. అమర్చుటకు చోటు మాత్రమే ఉన్నదని. డీకోడరు ధర వేరుగా కలుపుకొనవలెను. విదేశపు కంట్రోలరుతో వచ్చు అడాప్టరుమీద 100 నుండి 240 వోల్టులని యున్నదో లేదో చూడక మన గోడలోని 230 వోల్టులకు తగిలింపరాదు. 120 వోల్టులకే చేసినవి అనేకములు కలవు.

సంకేతము పట్టాగుండా చక్రములలోనికి పోవలెను గనుక మురికి పట్టా డిజిటల్ బండికి బద్ధశత్రువు. మా మెట్టప్రాంతపు ఎర్రమట్టి దుమ్ము వేసవిలో కిటికీలు మూసినను లోనికి వచ్చును. గరుకుకాగితముతో రుద్దిన పట్టామీద గీతలు పడి మరింత దుమ్ము పట్టును. మందులదుకాణములో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలును మెత్తనిగుడ్డకు అద్ది వారమునకొకమారు తుడిచిన చాలును.

బల్లనడుమ ఇప్పుడొక స్టేషను లేచినది. పసుపుపలకమీద నల్లని అక్షరములతో జంగారెడ్డిగూడెము అని తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో వ్రాసినాడు. నాలుగవ అరలో 20 పెట్టిన బండి పలకను దాటి పోవుచున్నది, 8 పెట్టిన ప్లాట్‌ఫారము చేరకమునుపే నిలుచుచున్నది. ఈ ఆదివారము 14 పెట్టి చూచెదమనుచున్నాడు.