నరాన్ని చూపే స్కాను ఏది?

(రోగుల బంధువుల కూటంలో డాక్టరుగారు చేసిన ప్రసంగం)



పలమనేరు నుండి, పుంగనూరు నుండి, శ్రీకాళహస్తి నుండి వచ్చినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మెడకు ఎం.ఆర్.ఐ. తీసినారు కదా సార్, మళ్లీ మోచేతికి ఎందుకు?" డబ్బు మీది, కాబట్టి అడగడం మీ హక్కు.

మెడ స్కాను వెన్నుపామును, నరాల మొదళ్లను చూపుతుంది. పాలు పితికేటప్పుడు చిటికెనవేలు ముడుచుకుపోయే మనిషికి జబ్బు చాలాసార్లు మోచేతి వెనుక ఉంటుంది. అది మెడ ఫిల్ములో కనబడదు. అందుకే ముందు డాక్టరు తడిమి, సూదిమొనతో స్పర్శ చూసి, నరాల కరెంటు పరీక్ష చేయిస్తారు. నరం ఎక్కడ పనిచేయడం లేదో అది చెబుతుంది. ఎందుకు పనిచేయడం లేదో చూడటానికి స్కాను.

ఎం.ఆర్.ఐ. అంటే ఒకే ఫోటో కాదు. టి-1 అనే పద్ధతిలో కొవ్వు తెల్లగా, నరం బూడిదరంగులో కనబడి, దాని దారి, చుట్టూ ఉన్న కండలు తెలుస్తాయి. టి-2లో నీరు తెల్లగా ఉంటుంది. దెబ్బతిన్న నరంలో నీరు ఎక్కువ. అయితే ఇప్పుడు వాడే వేగమైన టి-2లో కొవ్వు కూడా తెల్లగానే ఉంటుంది. తెల్లచీర మీద మల్లెపువ్వును వెతికినట్టే! కాబట్టి కొవ్వును నల్లగా చేసి తీస్తారు. ఇలా నరాన్ని మాత్రమే ఎత్తి చూపే పద్ధతిని 1993లో వైద్య పత్రికల్లో ప్రకటించారు.

కొవ్వును అణచడానికీ రకరకాల దారులున్నాయి. ఫ్యాట్ శాచురేషన్ బొమ్మ నున్నగా వస్తుంది గానీ మెడ, భుజం దగ్గర, లోహపు ప్లేట్ల దగ్గర కొవ్వు సమంగా అణగదు. స్టిర్ అనే పద్ధతి అక్కడ నమ్మకంగా పనిచేస్తుంది, బొమ్మ మాత్రం కాస్త గరుకు. నీటి కదలికను బట్టి నరపు పోగులను గీసే డిఫ్యూజన్ పద్ధతి చూడ ముచ్చటగా ఉంటుంది, కానీ రోగి కొంచెం కదిలినా చెడిపోతుంది. మామూలు రోగికి అది తప్పనిసరి కాదని నా అభిప్రాయం. మోచేయి, మణికట్టు దగ్గరైతే తక్కువ ఖర్చుతో అల్ట్రాసౌండ్ చాలాసార్లు సరిపోతుంది. భుజంలోతు, తుంటిలోతు నరాలకు ఎం.ఆర్.ఐ.యే మేలు.

ఇంకొక మాట. అయస్కాంతానికి సుమారు 55 డిగ్రీల వాలులో ఉన్న ఆరోగ్యమైన నరం కూడా తెల్లగా కనబడవచ్చు. రిపోర్టులో ఒక్క ముక్క చదివి ఏడవకండి.

మన పక్కనే వేలూరు సి.ఎం.సి.లో 1940లలో డాక్టర్ పాల్ బ్రాండ్ గారు కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్స మొదలుపెట్టారు. అప్పుడు ఈ స్కాన్లు లేవు. చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల, ముఖ్యంగా మోచేయి పైభాగాన నరం ఉబ్బుతుందని ఆయన గమనించారు. సంగటి గిన్నె దించేటప్పుడు చెయ్యి కాలినా తెలియలేదా, ఒంటి మీద స్పర్శలేని మచ్చ ఉందా? స్కాను డబ్బులు కూడేదాకా ఆగవద్దు. కుష్ఠు మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్ మొదలుపెడితే బలం తిరిగివచ్చే అవకాశం ఎక్కువ.

గుండెకు పేస్‌మేకర్, మెదడులో క్లిప్పు, వెల్డింగు పనిలో కంట్లో పడిన ఇనుపరజను ఉంటే ముందే చెప్పండి. తాళి తీయమన్నారని బాధపడవద్దమ్మా, పసుపుదారం కట్టుకుని రండి. పాత ఫిల్ములుంటే అవి కూడా వెంట తెచ్చుకోండి.